అద్దకపు నీటికి ఎండ వైద్యం

బండారులంక, పులుగుర్త, ఉప్పాడ. గోదావరి జిల్లాల్లో మగ్గం మాటెత్తితే ముందు వినబడే ఊళ్లివి. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేత గురించి ఎంతైనా చెప్పుకుంటాం గానీ, చిలపలకు రంగు పట్టించాక తొట్టిలో మిగిలే నీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. అద్దకం ఎక్కడ జరిగినా నూలుకు పట్టని రంగు ఆ నీళ్లతోనే పోతుంది. ఎండకూ సబ్బుకూ వెలవకూడదని తయారుచేసిన రంగు, కాలువలో పడగానే విరిగిపోతుందా?

దాన్ని విరగ్గొట్టే పదార్థం మన గోడల మీదే ఉంది. తెల్ల పెయింటులో కలిపే టైటానియం డయాక్సైడ్ అది. దాని ముడి ఖనిజం ఇల్మెనైట్ నరసాపురం, కాకినాడ తీరాల ఇసుకలో దొరుకుతుంది. వెలుగు సాయంతో ఈ పదార్థం నీటినే విడదీయగలదని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించారు.

అతినీలలోహిత కిరణం తగిలితే ఇందులోని ఎలక్ట్రాన్ చోటు వదిలి లేస్తుంది. అది నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అది వదిలిన ఖాళీ, నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. రెప్పపాటు కూడా బతకని ఈ రాడికల్ ఎదురుపడిన రంగు అణువును ముక్కలు చేస్తుంది. ముక్కలు మళ్లీ ముక్కలై, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, కొద్దిపాటి లవణాలు మిగలాలి. సగంలో ఆగితే రంగు కనబడదు, ముక్కలు మాత్రం ఉంటాయి. కొన్ని అసలు రంగుకన్నా చెడ్డవి. తేటపడిన నీళ్ల ఫొటో చూపించి విజయం ప్రకటించేవారిని, సేంద్రియ కార్బన్ ఎంత తగ్గిందో చెప్పమని అడగాలి.

పొడిగా కలిపితే పని చురుగ్గా సాగుతుంది. కానీ నీళ్లలో కలిపిన పసుపులాగే దాన్ని తిరిగి ఏరడం కష్టం. అందుకే పూత. గాజు పలకను టైటానియం ద్రావణంలో ముంచి, నిదానంగా పైకి లాగి, ఆరబెట్టి, సుమారు 450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పూత మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. పలక కడిగి మళ్లీ వాడుకోవచ్చు. పొడితో పోలిస్తే వేగం తగ్గుతుంది.

ఎండలో అతినీలలోహిత భాగం నూటికి ఐదు పాళ్లే. పైగా చిక్కటి రంగునీళ్లలో వెలుగు పలకదాకా చేరదు. కాబట్టి తొట్టి నీళ్లను ముందు తేర్చి, వడగట్టి, ఆఖరి దశలోనే పలకల మీద పలచగా పారించాలి. రియాక్టివ్ రంగుల అద్దకంలో దండిగా పోసే ఉప్పు ఇంకో చిక్కు. అందులోని క్లోరైడ్ రాడికల్స్‌ను మింగేస్తుంది. పూత ఆ ఉప్పును ముట్టుకోదు కూడా. రంగంతా విరిగినా ఉప్పు అలాగే బోదెలోకి దిగి, కింది చేలకు చేరుతుంది.