గుండె లయను పట్టే గుణకారం

బీపీ పెరిగిందనో, షుగర్ ఉందనో, ఉమ్మనీరు తగ్గిందనో డాక్టరు గర్భిణికి ఎన్‌ఎస్‌టీ, అంటే కడుపులోని బిడ్డ గుండె వేగాన్ని గమనించే పరీక్ష, రాస్తారు. పొట్టమీద జెల్ పూసి రెండు బెల్టులు కట్టగానే గదంతా టకటకమని మోగుతుంది. అది బిడ్డ గుండె చప్పుడేనని అందరి నమ్మకం. నిజానికి బిడ్డ గుండె ఇచ్చింది కదలిక, చప్పుడు యంత్రానిది.

1968లో హ్యూలెట్-ప్యాకార్డ్ జర్మనీ విభాగం అమ్మకానికి తెచ్చిన తొలి యంత్రంలో పొట్టమీద మైక్రోఫోన్ పెట్టేవారు. అది తల్లి పేగుల గుడగుడను కూడా శ్రద్ధగా వినేది. తర్వాత డాప్లర్ వచ్చింది. బెల్టు కింది బిళ్ల సెకనుకు 20 లక్షల కంపనాల అల్ట్రాసౌండ్ పంపిందనుకోండి. గుండె గోడ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో బిళ్లవైపు కదిలితే, తిరిగొచ్చే అలలో సుమారు 260 కంపనాలు పెరుగుతాయి. అల్ట్రాసౌండ్ చెవికి వినిపించదు గానీ, 260 హాయిగా వినిపిస్తుంది. స్పీకర్‌లో మోగేది ఆ తేడాయే.

చిక్కంతా లెక్క దగ్గర వచ్చింది. ఒక్క స్పందనలోనే కర్ణికలు, జఠరికలు, కవాటాలు వేర్వేరుగా కదులుతాయి. శిఖరాలను లెక్కపెడితే 70 కాస్తా 140 అవుతుంది!

1980లలో దీనికి దొరికిన మందు ఆటోకోరిలేషన్. యంత్రం కొద్దిసేపటి సంకేతానికి నకలు తీసి, దాన్ని అసలు మీద కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిచోటా రెండింటినీ గుణించి కూడుతుంది. ఒకే అచ్చు వరసగా గుద్దిన రెండు చీర అంచులను ఒకదానిమీద ఒకటి పరిచి జరిపితే, సరిగ్గా ఒక అచ్చు దూరంలోనే మళ్లీ పువ్వు మీద పువ్వు కూర్చుంటుంది కదా, అలాగన్నమాట. 0.4 సెకన్లు జరిపినప్పుడు కూడిక గరిష్ఠమైతే, గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది. స్పందన ఆకారం ఎంత వంకరగా ఉన్నా పరవాలేదు, అదే వంకర మళ్లీ వస్తే చాలు. పేగుల గుడగుడకు ఆ క్రమం లేదు గనక కూడికలో నిలవదు.

అయితే తల్లి నాడికీ క్రమం ఉంది. బిళ్ల జరిగి తల్లి రక్తనాళాన్ని పట్టిందంటే యంత్రం అంతే అందంగా గీత గీస్తుంది. అందుకే కొత్త యంత్రాలు తల్లి నాడిని విడిగా కొలిచి, రెండూ ఒకటైతే హెచ్చరిస్తాయి.

బిడ్డ గుండె సాధారణ వేగం నిమిషానికి 110 నుంచి 160. 32 వారాలు దాటాక, 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు 15 స్పందనలు పెరిగి 15 సెకన్లు నిలిస్తే రిపోర్టు బాగున్నట్టే.

డబ్లిన్‌లో సుమారు 13 వేల మంది తల్లులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 1985లో వచ్చాయి. కాన్పు సమయంలో నిరంతరం యంత్రం పెట్టినచోట నవజాత శిశువులకు ఫిట్స్ తగ్గాయి, మరణాలు తగ్గలేదు. ఆరోగ్యవంతులైన తల్లులకు, నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు, మధ్యమధ్య గుండె వింటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. హై రిస్క్ గర్భాల్లో ఈ గీతల అవసరం అలాగే ఉంది. కానీ ఎన్‌ఎస్‌టీ చెప్పేది ఆ పూట సంగతే. బిడ్డ కదలికలు తగ్గితే తర్వాతి తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.