నవ్వుకు చేయి అడ్డమెందుకు?

పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని పెదవి బిగించి కూర్చుంటుంది. బిడియం అని కొందరు, పొగరు అని కొందరు అనుకుంటారు. పలువరుస మీది గోధుమరంగు చారలు కనబడతాయని ఆమె భయం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల్లో ఇలా నోటికి పైటచెంగో, చేయో అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. వీరిని చూసే దంతవైద్యుని కన్ను వేరు, మన కన్ను వేరు. ఈ తేడా తెలిస్తే చికిత్స గురించి సరైన నిర్ణయం తీసుకోవచ్చు.

దంత విద్యార్థి ఏమి చూస్తాడు?

బి.డి.ఎస్. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీలో చేరిన కొత్తలో విద్యార్థి కూడా మనలాగే ముఖాన్ని మొత్తంగా చూస్తాడు. నవ్వు బాగుందంటాడు, లేదంటాడు. తరువాత పళ్లను కొలవడం నేర్చుకుంటాడు. పై ముందుపళ్ల నడిమి గీత ముఖం మధ్యకు వచ్చిందా? నవ్వినప్పుడు చిగురు ఎంత కనబడుతోంది? కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయా? రంగు సమంగా ఉందా? చదువు సాగేకొద్దీ మనకు కనబడని లోపాలు అతనికి కనబడతాయి.

అమెరికాలో కోకిచ్, కియాక్, షాపిరో అనే పరిశోధకులు 1999లో ఈ సంగతిని పరీక్షించారు. నవ్వుల ఫోటోలలో పళ్లను, చిగుళ్లను కొద్దికొద్దిగా మార్చి, పళ్లు సరిచేసే నిపుణులకు, మామూలు దంతవైద్యులకు, సామాన్యులకు చూపించారు. నడిమి గీత 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే నిపుణులు మాత్రమే తప్పుపట్టారు. మిగిలిన ఇద్దరికీ అది లోపంగా తోచలేదు. చిగురు 2 మిల్లీమీటర్లు కనబడితేనే నిపుణులకు నచ్చలేదు. మిగిలినవారికి 4 మిల్లీమీటర్ల వరకు పట్టింపు లేదు. అయితే ముందుపన్ను వాలు 2 మిల్లీమీటర్లు మారినప్పుడు అందరూ గుర్తించారు.

అంటే డాక్టరుగారు చూపిన ప్రతి లోపమూ నలుగురికీ కనబడేది కాదు. అలాగే డాక్టరు చిన్నదని వదిలేసిన మచ్చ రోగి మనసును ఏళ్ల తరబడి బాధించవచ్చు. అందుకే మంచి వైద్యుడు ముందు "మీకు ఏది ఇబ్బందిగా ఉంది?" అని అడుగుతాడు. అడగకపోతే మీరే చెప్పండి.

ఈ మచ్చలు ఎక్కడివి?

మన ప్రాంతపు పళ్లమచ్చలకు చాలావరకు కారణం నీటిలోని ఫ్లోరైడ్. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో అవి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి.

పన్ను చిగురులోపల తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వరకు, ఫ్లోరైడ్ ఎక్కువైతే పైపొర సరిగా గట్టిపడదు. తెల్లని సుద్దమచ్చలు, తరువాత గోధుమరంగు చారలు, తీవ్రమైతే గుంటలు పడతాయి. ఇది శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిన గార కాదు. ఇటుకపొడితో, బొగ్గుతో ఎంత రుద్దినా పోదు. పైపెచ్చు పన్ను అరిగి జివ్వుమంటుంది.

చికిత్స ఏమిటి?

తేలికపాటి తెల్లమచ్చలు జబ్బు కాదు. పళ్లు గట్టిగా ఉండి, మనిషికి బాధ లేకపోతే వదిలేయవచ్చు. మచ్చ బాధిస్తుంటే పైపొరను సన్నగా అరగదీయడం, తెల్లబరచడం, పంటిరంగు సిమెంటు పూయడం వంటి పద్ధతులు ఉన్నాయి. మంచి పన్నును బాగా అరగదీసి తొడుగు వేయించుకుంటే ఆ పన్ను మళ్లీ మునుపటిలా కాదు. కనుక తక్కువ కోతతో అయ్యే పని ముందు అడగండి. పుచ్చు, చిగుళ్ల వాపు ఉంటే అందానికన్నా ముందు వాటినే చూపించుకోవాలి.

ఇంటివారు చేయవలసినవి

* తాగే నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది.
* నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. అదే నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకూ హాని. గర్భిణులకు, చిన్నపిల్లలకు ముందుగా మంచినీరు ఇవ్వండి.
* పేస్టు మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వారికి బఠాణీగింజంత చాలు. మింగకుండా ఉమ్మించండి.
* "నీ పళ్లు చూసి ఎవరు చేసుకుంటారే?" అని ఎగతాళిగా కూడా అనకండి. బిడ్డ చేయి నోటికి అడ్డం వెళ్లేది ఆ మాటతోనే.

దేవుడిచ్చిన ముఖంలో నవ్వు ఒక వరం. దానికి కొలబద్ద డాక్టరు చేతిలోనూ లేదు, చుట్టాల నోట్లోనూ లేదు. మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని "నీకేమి ఇబ్బందమ్మా?" అని అడగండి. ఆ జవాబుతో దంతవైద్యుని దగ్గరకు రండి.