గాలి చేతికి తగిలితే..!

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. పటం ఎక్కడో పైన చుక్కలా కనిపిస్తున్నా, అక్కడ గాలి ఎలా ఉందో కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. దారం బిగిస్తే గాలి బాగున్నట్టు, ఒక్కసారిగా వదులైతే పటం పడిపోతున్నట్టు. అదే దారాన్ని ఒక మేకుకు కట్టేసి, ‘తెరమీద పటాన్ని చూస్తూ ఎగరెయ్’ అంటే ఎలా ఉంటుంది? నేను ఐదేళ్లు విమానం నడిపింది అచ్చం అలాగే!

విమానమంటే నిజం విమానం కాదులెండి. పగలంతా కోడింగ్, రాత్రి భోజనమయ్యాక కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్. చిన్నప్పుడు పైలట్ అవుతానంటే నాన్న ఫీజెంతో కనుక్కురమ్మన్నారు. ఆయన ఆర్టీసీ డ్రైవర్. ఆ అంకె చూశాక నేనే మారుమాట లేకుండా ఎంసెట్ పుస్తకాలు ముందేసుకున్నా. ఉద్యోగం వచ్చాక, మొదటి జీతంతో ఒక మామూలు జాయ్‌స్టిక్ కొన్నా. దాంతో శంషాబాద్ నుంచి విశాఖకు ఎన్నిసార్లు వెళ్లొచ్చానో! నాకు విమానం నడపడం వచ్చేసిందనే అనుకున్నా.

డాలస్‌లో తెలిసొచ్చింది

ఆఫీసు పనిమీద డాలస్ వెళ్లినప్పుడు ఆ భ్రమ పోయింది. అక్కడి చిన్న చిన్న ఎయిర్‌పోర్టుల్లో ‘డిస్కవరీ ఫ్లైట్’ అని ఉంటుంది. డబ్బు కడితే ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని కాసేపు విమానాన్ని మన చేతికిస్తారు. సెస్నా 172 ఎక్కా. గాల్లోకి లేచాక కంట్రోల్ నాకిచ్చారు. ముక్కు కిందికి దిగకుండా యోక్‌ను గట్టిగా లాగి పట్టుకున్నా. పది నిమిషాలకే చెయ్యి లాగేసింది. నా అవస్థ చూసి ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, మధ్యలో ఉన్న ట్రిమ్ చక్రాన్ని కొంచెం తిప్పారు. అంతే, నా చేతిలో బరువంతా కరిగిపోయింది. చెయ్యి వదిలేయమన్నారు. వదిలేస్తే విమానం దాని పాటికది నిటారుగా పోతోంది!

తర్వాత వేగం తగ్గించారు. అప్పటిదాకా బిగుతుగా ఉన్న యోక్ మెత్తబడి, వదులైపోయింది. కాసేపటికి స్టాల్ హెచ్చరిక హారన్ మోగింది. అంటే హారన్ కన్నా ముందే నా చేతికి కబురు అందింది. ఐదేళ్లలో నా జాయ్‌స్టిక్ ఒక్కసారి కూడా ఈ మాట చెప్పలేదు.

స్ప్రింగ్ చెప్పే అబద్ధం

తప్పు దానిది కాదు. మామూలు జాయ్‌స్టిక్ లోపల ఉండేది స్ప్రింగే. విమానం రన్‌వే మీద ఆగి ఉన్నా, గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఆ స్ప్రింగ్‌కు ఒకటే. సెస్నాలాంటి చిన్న విమానాల్లో అయితే పైలట్ చేతి నుంచి రెక్కల దాకా, తోక దాకా తీగలు ఉంటాయి. గాలి వాటిని తోస్తే ఆ తోపు చేతికి వచ్చేస్తుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ కంట్రోల్ బిగుసుకుంటుంది.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్‌లో స్ప్రింగ్ చేసే పని మోటార్లు చేస్తాయి. విమానం వేగం, ట్రిమ్, స్టాల్ వివరాల్ని సిమ్యులేటర్ ఎప్పటికప్పుడు పంపుతుంటే, ఎంత బలంతో, ఎటు తొయ్యాలో మోటార్లకు ఆజ్ఞ వెళ్తుంది. ట్రిమ్ చేస్తే స్టిక్ మధ్యస్థానమే మన చెయ్యి ఉన్నచోటికి జరుగుతుంది. చాలామంది దీన్ని గేమ్ కంట్రోలర్‌లో వచ్చే వణుకు లాంటిదే అనుకుంటారు. వణుకు వినోదం, ఈ బలం సమాచారం. తేడా అదీ.

వచ్చి, పోయి, మళ్లీ వచ్చి

ఇదేం కొత్త సరుకు కాదు. మైక్రోసాఫ్ట్ 1997లోనే సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో తెచ్చింది. దాని తర్వాత వచ్చిన ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2లో పిడిమీద చెయ్యి తీస్తే బలం ఆపేసే సెన్సర్ కూడా ఉండేది. 2002లో ఈ స్పర్శ సాంకేతికత పేటెంట్లున్న ఇమ్మర్షన్ అనే సంస్థ సోనీ, మైక్రోసాఫ్ట్‌ల మీద దావా వేసింది. మరుసటేడు మైక్రోసాఫ్ట్ 2 కోట్ల 60 లక్షల డాలర్లతో రాజీకొచ్చింది. ఆ ఏడాదే సైడ్‌వైండర్ జాయ్‌స్టిక్‌లకూ స్వస్తి చెప్పింది. కొనేవాళ్లు తక్కువ, తయారీ ఖర్చు ఎక్కువ. దాంతో ఏళ్ల తరబడి మన జేబుకు అందే సరుకే దాదాపు లేకుండా పోయింది. పాత సైడ్‌వైండర్లను అభిమానులు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుంటారు. ఇప్పుడు స్విట్జర్లాండ్‌కు చెందిన బ్రన్నర్, చైనాకు చెందిన మోజా, వీపీఫోర్స్ లాంటివి మళ్లీ తయారు చేస్తున్నాయి.

తమాషా ఏంటంటే, మనం ఆటవస్తువు అనుకున్నది అసలు విమానంలోకీ వెళ్లింది. ఎయిర్‌బస్ ఏ320లో సైడ్‌స్టిక్ వెనక ఉండేది స్ప్రింగే. ఒక పైలట్ స్టిక్ కదిపితే రెండో పైలట్ స్టిక్ కదలదు. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 ఏ330. అందులోవీ అలాంటి స్టిక్‌లే. 228 మంది చనిపోయారు. కారణాలు చాలానే ఉన్నాయి కానీ, ఒకరు స్టిక్ వెనక్కి లాగుతున్న సంగతి పక్కవాళ్లకు తేలిగ్గా తెలిసే వీల్లేదన్న చర్చ అప్పుడు గట్టిగా జరిగింది. 2018లో అనుమతి పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జీ500లో మోటార్లతో పనిచేసే యాక్టివ్ సైడ్‌స్టిక్‌లు పెట్టారు. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. పౌర విమానాల్లో ఇదే మొదటిది.

కొనేముందు...

మీరు నడిపేది ఎక్కువగా ఏ320 అయితే డబ్బు దాచుకోండి, స్ప్రింగే అసలుకు దగ్గర. సెస్నాలు, రెండో ప్రపంచయుద్ధం నాటి యుద్ధవిమానాలు, హెలికాప్టర్లు ఇష్టమైతే మాత్రం తేడా మొదటి రోజే తెలుస్తుంది. డీసీఎస్ వరల్డ్, ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ వీటిని నేరుగా గుర్తిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. పిడి కాకుండా కింది బేస్ ఒక్కటే ఖరీదైన సరుకు. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ అదనం. మోటార్ల బలానికి తేలిక టేబుల్ అయితే ఊగిపోతుంది, బిగించడానికి గట్టి క్లాంప్ ఉండాలి.

నేను ఏడాదిపాటు కూడబెట్టి కొన్నా. మొన్న నాన్న ఊర్నుంచి వస్తే కూర్చోబెట్టి స్టిక్ చేతికిచ్చా. ‘పవర్ స్టీరింగ్ లేని బండిలా ఉందిరా’ అన్నారు. తెరమీద మీటర్లేవీ ఆయనకు తెలియవు. నేను చెప్పకుండా థ్రాటిల్ తగ్గించా. కొన్ని క్షణాలయ్యాక ఆయన నా వైపు తిరిగారు. ‘ఒరేయ్, ఇది వదులైపోతోంది... పడిపోతామేమో, చూడు!’ అన్నారు.

హారన్ ఇంకా మోగలేదు.