బొంత కుట్టి.. బతుకు నిలిపి

ఉత్తర కన్నడ అడవుల్లో ఆఫ్రికా మూలాల సిద్దిలు
సూది, డోలు, పరుగులే వారి ఆసరా

పాత చీర ముక్కలు నాలుగు. చిరిగిన లుంగీ ఒకటి. పిల్లాడికి బిగుతైపోయిన చొక్కా. వీటిని ఒకదానిపై ఒకటి పరిచి, ఓ మూల నుంచి సూది మొదలుపెట్టి, అంచుల వెంబడి తిరుగుతూ నడిమికి చేరితే ఓ ‘కవంద్’ తయారవుతుంది. మన ఇళ్లలో దీన్నే బొంత అంటాం. బళ్లారి, రాయచూరు వైపు కౌది అన్నా తెలుస్తుంది. అయితే ఈ కవంద్ కుట్టే చేతుల వెనుక కొన్ని వందల ఏళ్ల కథ ఉంది. అది ఆఫ్రికా తీరంలో మొదలై పశ్చిమ కనుమల అడవుల్లోకి చేరిన కథ.

వారే సిద్దిలు. యల్లాపుర, హళియాళ, ముండగోడ, అంకోలా తాలూకాల్లో, పక్కనే ఉన్న ధారవాడ, బెళగావి జిల్లాల్లో వీరి ఊళ్లున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో వీరు పది వేలకు పైగా ఉన్నారు. పూర్వీకుల్లో చాలామందిని పోర్చుగీసు, అరబ్బు వర్తకులు బానిసలుగా తెచ్చి అమ్మారు. గోవాలో యజమానుల బాధ పడలేక కొందరు కనుమలెక్కి అడవుల్లో తలదాచుకున్నారు. ఇప్పుడు వారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. ఇంట్లో కొంకణి, బయట కన్నడ, అవసరాన్ని బట్టి మరాఠీ, ఉర్దూ మాట్లాడతారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి ఉండటం ఏమిటో సరిహద్దు తెలుగువారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మూలన పువ్వు లేకుంటే..

కవంద్ నాలుగు మూలల్లోనూ చిన్న గుడ్డను మడిచి కుట్టే పువ్వు ఉంటుంది. దాని పేరు ‘ఫూల’. అది లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు, ఒంటిమీద బట్ట లేనట్టేనంటారు కుట్టే ఆడవాళ్లు. క్రైస్తవుల ఇంటి బొంతలో శిలువ, ముస్లింల ఇంటి బొంతలో నెలవంక కనిపిస్తాయి. కుట్టు మాత్రం అందరిదీ ఒక్కటే. వానాకాలం చలికి కప్పుకోవడానికి, పసిపిల్లల కింద పరచడానికి కుట్టుకునే ఈ బొంతలను మొదట్లో ఎవరూ సరుకుగా చూడలేదు.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ డ్రూవల్ ఈ ఊళ్లలో పరిశోధన చేస్తూ వీటి విలువ గుర్తించారు. ఆయన తోడ్పాటుతో 2004లో సిద్ది మహిళల బొంతల సహకార సంఘం ఏర్పడింది. 2011లో ఈ బొంతలు న్యూయార్క్‌లోని షోంబర్గ్ కేంద్రంలో ప్రదర్శనకెక్కాయి. ఇంటి పనులు, కూలి పనులు అయ్యాక మిగిలిన పొద్దులో చేసే పనికి ఇలా నాలుగు డబ్బులు రావడం మొదలైంది. అంతకన్నా ముఖ్యం, ‘మా అమ్మ చేసేది కూడా ఒక కళే’నన్న మాట పిల్లల చెవిన పడింది.

డోలు మోగితే మతం అడగరు

పొడుగాటి మద్దెలలాంటి ‘దమామ్’ మోగితే చాలు, ఆడామగా తేడా లేకుండా అడుగు కదుపుతారు. ఆ వాద్యం పేరుతోనే వారి నృత్యానికి దమామీ అని పేరొచ్చింది. ఒకప్పుడు పని ముగిశాక వాకిట్లో ఆడుకున్న ఈ ఆట ఇప్పుడు ఉత్సవాల వేదికలకూ ఎక్కింది. వేదికెక్కితే గుర్తింపు వస్తుంది, కాస్త డబ్బూ వస్తుంది. కానీ చూసేవాళ్ల కోసమే ఆడితే వాకిట్లో పిల్లలకు నేర్పేదెవరన్న బెంగ పెద్దల్లో ఉంది.

నాటకమూ వీరికి అండగా నిలిచింది. శివమొగ్గ జిల్లా హెగ్గోడులోని నీనాసం సంస్థ 1980లలోనే సిద్దిలతో నాటకాలాడించింది. నైజీరియా రచయిత చినువా అచెబె నవలను కన్నడంలో నాటకంగా మలిచి వీరి చేతే ఆడించడం అప్పట్లో పెద్ద విశేషం. గాయని, నటి గిరిజా సిద్ది, కన్నడ సినిమాల్లో కనిపించే ప్రశాంత్ సిద్ది ఈ నీనాసం బడిలో చదువుకున్నవారే.

ఆరేళ్లకే ఆగిన పరుగు

సాయం మధ్యలో ఆగితే ఏమవుతుందో కూడా సిద్దిలకు తెలుసు. 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రత్యేక ప్రాంత క్రీడల పథకం కింద సిద్ది పిల్లలను ఎంపిక చేసి శిక్షణకు తీసుకెళ్లింది. కమలా సిద్ది దక్షిణాసియా క్రీడల దాకా వెళ్లి పతకాలు తెచ్చారు. 1993లో వీరి శిక్షణ ఆగిపోయింది. పిల్లలు మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. బరిలో పరిగెత్తిన కాళ్లు మళ్లీ పొలాల్లోకి, కూలికి దారి పట్టాయి. ఏళ్ల తరువాత ముండగోడ కేంద్రంగా ‘బ్రిడ్జెస్ ఆఫ్ స్పోర్ట్స్’ అనే స్వచ్ఛంద సంస్థ సిద్ది పిల్లలకు మళ్లీ పరుగు నేర్పే పని అందుకుంది.

గీత అటు.. గీత ఇటు

కాగితం లేనిదే బడి సాయమైనా, ఉద్యోగమైనా దక్కదు. సిద్దిలు 1980ల నుంచే సంఘంగా కూడి గిరిజన హోదా అడుగుతూ వచ్చారు. 2003లో ఉత్తర కన్నడ జిల్లా సిద్దిలకు షెడ్యూల్డు తెగల హోదా వచ్చింది. జిల్లా గీత దాటి ధారవాడ, బెళగావి వైపు ఉన్నవారికి మాత్రం రాలేదు. అదే జాతి, అదే ఆట, అవే బొంతలు. అయినా గీతకు ఇటున్న ఆడపిల్ల గిరిజనురాలు, అటున్న ఆమె చుట్టం కాదు! ఈ తేడా చట్ట సవరణతో తొలగేసరికి 2020 వచ్చింది. అంటే పదిహేడేళ్లు. ఆ ఏడాదే శాంతారామ బుడ్నా సిద్ది కర్ణాటక విధాన పరిషత్తుకు నామినేట్ అయ్యారు. ఆ సభలో అడుగుపెట్టిన తొలి సిద్ది ఆయనే.

ఇంత జరిగినా చదువుకో, పనికో నగరాలకు వెళ్లిన సిద్ది కుర్రాళ్లను ‘ఏ దేశం మీది?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. తరాలుగా ఈ నేల మీదే పుట్టి పెరిగినవారు కన్నడంలో జవాబిస్తే అడిగినవాళ్లే నోరెళ్లబెడతారు.

మన దరువులోనూ వాళ్ల పాలు

తెలుగు నేలకూ సిద్దిలతో చుట్టరికముంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం పేరు మీదే హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. ఆ దళం మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయంటారు. హైదరాబాద్ రాజ్యం దేశంలో విలీనమయ్యాక దళం రద్దయింది. కొలువు పోయిన కుటుంబాలు చిల్లర పనుల్లో పడ్డాయి. అయినా యెమెన్ అరబ్బులతో కలిసి పెంచి పోషించిన మర్ఫా వాద్యం పాతబస్తీ పెళ్లిళ్లలో నిలిచింది. మన బరాత్‌లలో కుర్రాళ్లు ఊగిపోయే తీన్మార్ దరువు ఆ మర్ఫాకు దగ్గరి చుట్టమే.

గుజరాత్‌లోని జాంబూరులో సిద్ది మహిళలను కూడగట్టి వారి కాళ్లపై వారు నిలబడేలా చేసిన హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడైనా, యల్లాపురలోనైనా తేలిందొకటే. పైనుంచి వచ్చిన పథకం ఒక ఉత్తర్వుతో ఆగిపోవచ్చు. ఊరి ఆడవాళ్ల చేతిలోని సూదిని మాత్రం ఏ ఉత్తర్వూ ఆపలేదు. కాకపోతే ఆ బొంతకు గిట్టుబాటు ధర రావాలి, కుట్టు నేర్చుకునే పిల్ల ఊళ్లో ఉండాలి. ఇక చూడాల్సింది ఆ రెండే.