మీ కొట్టులో వైఫై పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు: పీఎం-వాణి వివరాలు

కిరాణా కొట్టు, టీ హోటల్, జిరాక్స్ సెంటర్... మీరు ఏది నడుపుతున్నా, అక్కడికి వచ్చేవాళ్లకు వైఫై డేటా అమ్మి కొంత ఆదాయం పొందవచ్చు. ఇందుకోసం కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబర్ 9న పీఎం-వాణిని ఆమోదించింది. మీరు పెట్టే వైఫై కేంద్రాన్ని పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే పీడీఓ అంటారు. ఒకప్పుడు ఊరూరా ఉన్న ఎస్టీడీ బూత్ లాంటిదే అనుకోండి.

ముందుగా ఒక మాట. "వైఫై లైసెన్స్ ఇప్పిస్తాం, ఇంత కట్టండి" అని ఎవరైనా వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పీడీఓకు లైసెన్స్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, టెలికాం శాఖకు కట్టాల్సిన ఫీజు కూడా లేదు.

లైసెన్స్ ఎందుకు అక్కర్లేదు?

సెల్ కంపెనీలు వాడే తరంగాలను ప్రభుత్వం వేలం వేస్తుంది. డబ్బు కట్టిన కంపెనీకే వాటిపై హక్కు. వైఫై తరంగాలు అలా కాదు, ఊరి రచ్చబండ లాంటివి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను 2005 జనవరిలో లైసెన్స్ నుంచి మినహాయించారు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఆరుబయట కూడా వాడుకునేలా 2018 అక్టోబర్‌లో వదిలారు. టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పనిచేసేది కూడా ఇలాంటి లైసెన్స్ లేని తరంగాల మీదే.

అలాగని అడ్డూ అదుపూ లేదని కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నాతో కలిపి బయటకు వెళ్లే శక్తి 4 వాట్లు దాటకూడదు. రౌటర్‌కు ప్రభుత్వ ఆమోదం ఉండాలి, కాబట్టి బిల్లు తీసుకుని కొనండి. ఇంకో సంగతి: పక్క కొట్టు రౌటర్ వల్ల మీ వైఫై నెమ్మదించినా, రక్షణ కోరే హక్కు ఈ బ్యాండ్లలో మీకు లేదు. అందరిదీ కాబట్టి సర్దుకోవాల్సిందే. రౌటర్‌లో ఛానెల్ మార్చి చూడండి, చాలాసార్లు సమస్య తీరుతుంది.

ఖర్చు ఎంత?

రౌటర్, నెట్ కనెక్షన్ ఖర్చు మీదే. మొదట్లో చాలామంది ఆగిపోయింది ఈ కనెక్షన్ దగ్గరే. పీడీఓ అనగానే ఖరీదైన లీజ్డ్ లైన్ తీసుకోమనేవారు. ట్రాయ్ 2025 జూన్‌లో దీనికి పరిమితి పెట్టింది. 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఫైబర్ ప్లాన్లను పీడీఓలకు కూడా ఇవ్వాలి, ఇంటి ప్లాన్ ధరకు రెట్టింపు మించి అడగకూడదు. అంటే ఇళ్లకు నెలకు రూ. 500 ఉన్న ప్లాన్‌కు మీ దగ్గర రూ. 1,000 దాటకూడదు. కనెక్షన్ తీసుకునేటప్పుడే పీడీఓ కోసమని చెప్పండి.

కస్టమర్ల లెక్క ఎవరు చూస్తారు?

ఆ పని అగ్రిగేటర్‌ది. వాళ్లు మాత్రం టెలికాం శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. కస్టమర్ ఫోన్‌లో యాప్ వేసుకుని, తన వివరాలు ఒకసారి ధ్రువీకరించుకుని, మీ వైఫైని ఎంచుకుంటాడు. ఈ దారి వదిలేసి పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టకండి. ఎవరైనా తప్పుడు పని చేస్తే, కనెక్షన్ మీ పేరున ఉంది కాబట్టి పోలీసులు ముందు మిమ్మల్నే అడుగుతారు.

సంతకం పెట్టేముందు అగ్రిగేటర్ పేరు పీఎం-వాణి సెంట్రల్ రిజిస్ట్రీలో ఉందో లేదో చూసుకోండి. వచ్చిన డబ్బులో మీ వాటా ఎంతో, ఎన్ని రోజులకు ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాట మీద నమ్మొద్దు.

సెల్ సిగ్నల్ బూస్టర్ సంగతి వేరు. అది సెల్ కంపెనీల తరంగాల మీద పనిచేస్తుంది. "వైఫైకి లైసెన్స్ లేదుగా, దీనికీ అక్కర్లేదు" అని అమ్మేవాళ్లున్నారు. అనుమతి లేకుండా బూస్టర్ పెట్టడం నేరం. సిగ్నల్ సరిగా రాకపోతే మీ సెల్ కంపెనీకే ఫిర్యాదు చేయండి.