మత్తు ఎంత ఎక్కిందో మెదడే చెబుతుంది

ఆపరేషన్ అనగానే మన ఇళ్ళలో కత్తికంటే మత్తుకే ఎక్కువ భయపడతారు. "మధ్యలో మెలకువ వస్తే?" అని ఒకరు, "అసలు లేవకపోతే?" అని మరొకరు. మత్తు డాక్టరు జాగ్రత్తంతా ఈ రెంటి మధ్య మోతాదు నిలపడంలోనే ఉంది.

మత్తు సరిపోయిందని ఎలా తెలుస్తుంది? గుండె వేగం, రక్తపోటు, చెమట, కన్నీరు చూసి అంచనా వేయడం పాత పద్ధతి. అయితే పెద్ద ఆపరేషన్లలో కండరాలు బిగుసుకోకుండా వేరే మందు ఇస్తారు. ఆ స్థితిలో తెలివి వచ్చినా రోగి వేలైనా కదపలేడు. కొన్ని బీపీ మాత్రలు వాడేవారికి నాడి వేగం కూడా పెరగకపోవచ్చు.

అందుకే నేరుగా మెదడునే చూడాలనుకున్నారు. మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లోనే నమోదు చేశాడు. క్లాసులో పిల్లలు ఎవరికి వారు మాట్లాడుకుంటే వినిపించేది కలగాపులగం గోల. అందరూ కలిసి ఎక్కం చదివితే పెద్ద, నిదానమైన లయ. మెలకువలో మెదడు తరంగాలు మొదటి రకం: చిన్నవి, వేగమైనవి. మామూలు మత్తుమందులు ఎక్కేకొద్దీ రెండో రకంలోకి మారతాయి. మత్తు మితిమీరితే మధ్యమధ్య గీత చదునైపోతుంది.

ఈ గీతలను అంకెగా మార్చి చూపే బిస్ యంత్రానికి అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. నుదుటికి ఒక పట్టీ అంటిస్తారు, అంతే. పూర్తి మెలకువకు 100కు దగ్గరగా, చదును గీతకు 0 చూపిస్తుంది. ఆపరేషన్ సమయంలో 40–60 మధ్య ఉంచుతారు.

అంకె కనిపించింది కదా అని పూర్తిగా నమ్మడానికి లేదు. కెటమిన్ ఇస్తే రోగి మత్తులో ఉన్నా అంకె పెరగవచ్చు. నుదుటి కండరాల కదలికా లెక్క తప్పిస్తుంది. పైగా అంకె కొన్ని సెకన్లు ఆలస్యంగా మారుతుంది. మెలకువ వచ్చే ప్రమాదం ఎక్కువున్న 2,463 మందిపై జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. బిస్ వాడినవారిలో ఇద్దరికి, వాడనివారిలో 11 మందికి మెలకువ వచ్చింది. కానీ ఊపిరిలో మత్తు వాయువు ఎంతుందో కొలుస్తూ, తగ్గితే హెచ్చరించే పద్ధతికంటే బిస్ మెరుగని 2011 నాటి పెద్ద పరిశోధనలో తేలలేదు. మత్తంతా నరంలోకే ఎక్కించేటప్పుడు మాత్రం కొలవడానికి వాయువు ఉండదు. అక్కడే ఈ పట్టీ అవసరం ఎక్కువ.

వెన్నులో సూది వేసి చేసే ఆపరేషన్లో మాటలు వినబడటం మామూలే, కంగారు పడనక్కర్లేదు. పూర్తి మత్తు ఇచ్చే ముందు మాత్రం వాడుతున్న మందులు, అలవాట్లు, గతంలో మధ్యలో మెలకువ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.