పాటకు స్వర్ణయుగం ఏది?

నలుగురు విద్యార్థులు కూడిన చోట తెగని వాదం ఒకటుంది. సినిమా పాటకు గొప్ప కాలం ఏది? ఒకరు ఘంటసాల కాలమంటారు. ఇంకొకరు ఇళయరాజా అంటారు. మూడోవారు, 2023లో కీరవాణి పాటకు ఆస్కార్ రాలేదా అని గద్దిస్తారు. మా ఆదోని, ఎమ్మిగనూరు సరిహద్దు సీమ గనుక, రాజ్‌కుమార్‌కు పి.బి. శ్రీనివాస్ పాడిన కన్నడ పాటల ముందు అవన్నీ దిగదుడుపే అనేవారూ ఉంటారు. ఆ శ్రీనివాస్ మన కాకినాడలో పుట్టినవారే! పడమటి దేశాల్లో రాక్ సంగీతం మీదా ఇదే తగువు: బీటిల్స్ వెలిగిన 1960ల నాటిదా, ఆ తర్వాతిదా అని.

సైన్సు చదివేవాణ్ణి కాబట్టి, ఈ వాదాన్ని మూడు విధాల పరీక్షించాను.

మొదటిది యంత్రం. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. పాట అందులో ఒదగాలి. గాయకుడూ వాద్యకారులూ కలిసే పాడి వాయించాలి. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావాల్సిందే. 'మల్లీశ్వరి' (1951), 'మాయాబజార్' (1957) పాటల్లో మాట అంత స్పష్టంగా వినబడటానికి ఆ కట్టుబాటు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. తర్వాత గొంతును, వాద్యాలను వేరువేరుగా పట్టే వీలు వచ్చింది. 'సాగర సంగమం' (1983) నాటికి వాద్యాల అల్లికే ఒక అందమైంది.

రెండోది జల్లెడ. మేము వేరుశెనగలో మంచి కాయలు ఏరి విత్తనానికి దాస్తాం. పాత పాటలు అట్లా ఏరిన విత్తనాలు. తాలు ఎప్పుడో గాలికి పోయింది. ఈనాటి పాటలు ఇంకా తూర్పారబట్టని రాశి. ఏరిన విత్తనాన్ని రాశితో పోల్చి తీర్పు చెప్పడం న్యాయమా?

మూడోది వయసు. పది నుంచి ముప్పై ఏళ్ల లోపు జ్ఞాపకాలే మనిషిలో గట్టిగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. మా ఇంట్లోనే చూడండి: తాతకు ఘంటసాల, నాయనకు ఇళయరాజా, నాకు ఫోనులో పాట. ఎవరి స్వర్ణయుగం వారి పడుచుతనమే.

నా ఓటు అడిగితే, మాటకు 1950లు, వాద్యానికి 1980లు.

అయితే ఈ లెక్కలో చేరని పాటలు కొన్ని ఉన్నాయి. పత్తి చేన్లో కలుపు తీస్తూ మా అవ్వ పాడే పాటకు రికార్డు లేదు, అవార్డు లేదు. కలుపు మందు వచ్చాక చేన్లో ఆ గుంపే తగ్గింది. సినిమా పాట చాలావరకు ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉంటుంది. అవ్వ పాట మాత్రం అవ్వతోనే పోతుంది. మిత్రులారా! మన జేబుల్లో ఫోన్లున్నాయి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ముందు ఆ పాటలు పట్టండి. వాదం తర్వాత చేసుకుందాం.